మంచు నేసే రాణి పక్షాన మా మేనత్త

మా మేనత్త జ్వరంతో పడుకుని లేవలేదని ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు, నేను లావుపాటి నవల ఒకటి ఒళ్లో తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. మా ఇంట్లో దానికి వేరే అర్థం తీశారు. సొంత మేనత్త పోతే కంట తడి లేదు, కథల పుస్తకం కింద పెట్టలేదని అమ్మ ఆదోనిలోని చుట్టాలందరికీ చెప్పింది. ఆదివారాలు నేను బస్సెక్కి మేనత్త ఇంటికి పోయింది పెళ్లిచూపులు తప్పించుకోవడానికేనని నాన్న తేల్చేశాడు. ఆ పుస్తకం మా ఇద్దరిదీ అని ఎవరికీ తోచలేదు.

మేనత్తది చేనేత ఇల్లు. రాట్నం ముందు కూర్చుని, మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో వేసే చిన్న కండెలకు నూలు చుట్టేది. చేతులకే పని, చెవులు ఖాళీగా ఉన్నాయి, ఏదన్నా చదవమని ఒకసారి ఆమే అడిగింది. నా సంచిలో ఉన్నది ఇంగ్లీషు నవల. డ్రాగన్లు, మాయాద్వీపాలు, ఒక ముసలి డ్రాగన్‌ను దాని కొండకు చేర్చడానికి బయలుదేరిన పిల్ల. ఒక్కో పేజీ మనసులో చదువుకుని తెలుగులో చెప్పేదాన్ని. దారం తెగితే ఆమె చెయ్యెత్తేది. ముడి పడేదాకా డ్రాగన్ రెక్కలు చాపుకుని ఆకాశంలో ఆగిపోవాల్సిందే.

"కాలువ ఎండితే అడుగున మట్టి పెళ్లలు లేస్తాయి సూడు, దాని తోలు అట్లుంటాదా?" అని అడిగింది. అప్పటిదాకా ఆ డ్రాగన్ నాకే సరిగ్గా కనబడలేదు. కప్పుకుంటే మనిషి మాయమయ్యే శాలువా కథలోకి వచ్చినప్పుడు మాత్రం మొహం చిట్లించింది. "అట్లాంటి బట్ట ఎవురు కొంటారే? కట్టుకునేది కనపడేదానికి కదా."

ఆ కథలో కొండ మీద మగ్గం వేసుకుని మంచుతో బట్ట నేసే రాణి ఉంది. మేనత్త మొదటి రోజే ఆమె పక్షం చేరింది. నేసే మనిషికి ఇంకొకరికి చెడు చేసే తీరిక ఎక్కడుంటుందని ఆమె లెక్క. డ్రాగన్లను గొలుసులతో కట్టేసింది ఆ రాణేనని తేలిన ఆదివారం రాట్నం ఆగింది. "నువ్వు సరిగ్గా సదివినట్ల లేదు, మళ్లీ సూడు." చూశాను. అదే ఉంది. ఆ పూట నాకు కాఫీ దొరకలేదు.

తర్వాతి ఆదివారం నేను చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది. "దాన్ని ఎవురో ఏందో చేసింటారు. ఊరికే అట్ల అయిపోదు మనిషి. అది ముందర పేజీల్లో యాడో ఉంటాది. నన్నిడిసిపెట్టి నువ్వు సదవాకు, సెప్తాండా."

సరేనన్నాను. ఇంట్లో ఎన్నిసార్లు చెయ్యి పుస్తకం మీదికి పోయినా పేజీ తిప్పలేదు. ఫోన్ వచ్చినప్పుడు నేను చూస్తున్నది కూడా మేమిద్దరం ఆగిన పేజీనే.

దినాలు అయిపోయాక ఒకసారి ఆ పుస్తకం పట్టుకుని ఆ ఇంటికి పోయాను. మేనత్త కూర్చునే చోట ఆమె కోడలు కండెలు చుడుతోంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నన్ను చూసి నవ్వి, కాలితో పీట జరిపింది. కూర్చున్నాను. ఆమె ఏం వింటోందో నాకు వినబడదు. నా ఒళ్లో ఏముందని ఆమె అడగలేదు. రాట్నం తిరుగుతున్నంతసేపూ ఆమె పెదవులు నాకు తెలియని పాటేదో పలుకుతూనే ఉన్నాయి.

ఆ రాణికి ఏమయిందో తెలుసుకోవాలన్న ఆరాటం ఇప్పుడు నా ఒక్కదానిదే. పుస్తకం ఎవరికైనా ఇచ్చేయమంటోంది అమ్మ. ఇవ్వను. ఈ ఆదివారం ఆ పేజీ దాటి చదువుతాను.