తడిచీర దయ్యం కథకు నేను కలిపిన మాట

ఒక్క మాట. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తూ తిరుగుతున్నాను. నోరు దాటినప్పుడు దూదిలా ఉంది, బరువు తర్వాత తెలిసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను వేలెడంత జెల్ల పట్టి బారెడు వాలుగ పట్టానని చెప్పే రకం. లక్సెట్టిపేటలో నా మాటలకు నవ్వేవాళ్లే గానీ నమ్మేవాళ్లు తక్కువ. నా కథ కోసం సినిమావాళ్లు నాలుగు కార్లలో వచ్చారని ఊరంతా చెప్పుకున్నాను. వచ్చింది ఒకటే కారు. కథ కూడా నాది కాదు. అక్కది.

అక్క నాకంటే చాలా పెద్దది. మంథని నుంచి పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఒళ్లో చాట పెట్టుకుని, బీడీలు చేస్తూ చిన్నపిల్లలమైన మాకు దయ్యాల కథలు చెప్పేది. భయంతో ఒకరి మీద ఒకరం పడేవాళ్లం. ఆపితే మళ్లీ చెప్పమని కొంగు లాగేవాళ్లం. అన్నిటికంటే ఇష్టమైనది తడిచీర దయ్యం. కొడుకు గోదావరిలో మునిగిపోతే తల్లి కూడా దూకి దయ్యమవుతుంది. పొద్దుగూకగానే నీళ్లోడుతున్న చీరతో ఇంటింటికీ వచ్చి, "మా పోరడు మీ ఇంటికొచ్చిండా?" అని అడుగుతుంది. అంతే. ఎవరినీ ఏమీ చేయదు. ఆ అడగడానికే మా గుండెలు ఝల్లుమనేవి.

అక్క మొదటి కొడుకు గోదావరిలోనే పోయాడని పెద్దయ్యాక తెలిసింది. ఆమె రేవులో బట్టలు పిండుతుండగా జారిపోయాడట. "నువ్వే తోసినవ్" అని అత్త బతికినన్నాళ్లూ పొడుస్తూనే ఉందట. అత్తకు ఎదురు చెప్పలేక, తనకు తాను చెప్పుకోవడానికి అక్క ఆ కథ కట్టుకుందని కూడా అప్పుడే అర్థమైంది. తోసిన తల్లి అలా ఇల్లిల్లూ వెతుకుతుందా?

ఇదంతా తెలిసే చేశాను.

కరీంనగర్ నుంచి వచ్చిన ఆ కుర్ర డైరెక్టర్ కథంతా విని పెదవి విరిచాడు. "ఏడుపొస్తుంది గానీ తాతా, భయమైతలేదు." లేచి పోతాడేమో అనిపించింది. వాకిట్లో జనం గుమిగూడి చూస్తున్నారు. "అసలు ముచ్చట ఇంకా చెప్పలే కదా బిడ్డా," అన్నాను. "పోరన్ని తోసింది ఆ తల్లే." అతని కళ్లు మెరిశాయి. అలాంటి మెరుపుల కోసమే కదా నేను బతికింది!

తెరమీద నా పేరు పడినప్పుడు మొదట ఈల వేసింది కూడా నేనే.

తర్వాత ఆ సినిమా టీవీలో వస్తే, మంథనిలో అక్క పక్కన కూర్చుని చూశాను. తల్లి రెండు చేతులూ పిల్లవాడి వీపు మీద పడ్డాయి. అక్క తమలపాకు నమలడం ఆపింది.

"తమ్మీ, తల్లి తోసిందని వాళ్లకెవలు చెప్పిండ్లురా?"

"సినిమావోళ్లక్కా. జర భయం కోసం ఏదో ఒకటి కలుపుకుంటరు."

"మా అత్త ఉంటే మస్తు మురిసేది." నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నేను తోయలే కదరా?"

"పిచ్చిదానివా అక్కా? నువ్వెందుకు తోస్తవ్?"

అంతే అన్నాను. నిందను ఆ కుర్రవాడి మీదికి నెట్టి, ఆమె ఇచ్చిన చాయ్ తాగి, బస్సెక్కి వచ్చేశాను.

ఆ తర్వాత అక్కకు మతిమరుపు పట్టుకుంది. ఓ సాయంత్రం మునిమనవరాలు కథ అడిగితే తడిచీర దయ్యం మొదలుపెట్టింది. కథ రేవు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "ఇగ ఏమైందే అవ్వా?" అని పిల్ల గుంజింది. "తల్లే తోసింది బిడ్డా," అంది అక్క. తన రెండు చేతుల వైపు చూసుకుంది. అలా చాలాసేపు చూసుకుంది.

నేను అక్కడే ఉన్నాను. "కాదక్కా, అది నేను కలిపింది" అంటే చాలు. ఎందుకనలేదు? ఆమెకు అర్థం కాదనా? నా మాట ఎవరు నమ్ముతారనా? అవేవీ కావు. అన్నీ మరిచిపోతున్న ఆ మనిషి, తన కథను సినిమా దాకా తీసుకుపోయిన తమ్ముడినని నన్ను మాత్రం ఇంకా గుర్తుపట్టి మురిసేది. అది పోగొట్టుకోలేకపోయాను. నా మురిపెం నాకు మిగిలింది. ఆ చలికాలం అక్క పోయింది, చేయని పాపాన్ని చేశాననుకుంటూ.

అక్క కొడుకును తోయలేదు. పిండుతున్న చీర వదిలేసి, ఈత రాకున్నా నీళ్లలోకి ఉరికిందట. ఒడ్డునున్నవాళ్లు జుట్టు పట్టి లాగితే గానీ బయటికి రాలేదని మా అమ్మ చెప్పేది. తోసిందన్నది నేను. నేనే.

చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.