మంచె ఎత్తు కలపని లెక్క

రూతమ్మ కన్ను పోయింది నా రాయి వల్ల. కాసీం తాత వల్ల కాదు. ఈ రెండు ముక్కలు ఎనిమిదేళ్లుగా నా డైరీలో కూడా రాసుకోలేదు. ఎవరు చదువుతారని భయం? నేనే చదువుతానని.

ఇప్పుడు కల్లూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ఏటా ప్రక్షేపక చలనం పాఠం వస్తుంది. బోర్డు మీద వంపు గీత గీస్తాను. అది నేల నుంచి లేచి నేల మీదికే దిగుతుంది. దిగే చోట నా సుద్దముక్క ఆగిపోతుంది.

మాది కోడుమూరు దగ్గర పల్లె. నేను ఇంటర్ మొదటి ఏడు చదువుతున్నప్పుడు, దసరా సెలవుల్లో, మా సజ్జచేనికి పిట్టల కావలి నాది. పక్క చేనికి కూలికి కావలి ఉన్నది కాసీం తాత. మా రెండు చేల దిగువన, గట్టు అవతల, రూతమ్మ వేరుశనగ చేను.

వడిసెల తిప్పడం నాకు నేర్పింది తాతే. ఆయన మాత్రం రాయి ముట్టడు. వంక ఒడ్డు మట్టితో ఉండలు చేసి, ఎండబెట్టి, సంచిలో పెట్టుకునేవాడు. మట్టి ఉండయితే మనిషికి తగిలినా పొడైపోతుందని ఆయన నమ్మకం. నాకు ఉండలు నచ్చలేదు. ఒక్కోసారి గాలిలోనే విరిగిపోతాయి, నా లెక్కకు పనికిరావు. నలభై అయిదు డిగ్రీల కోణంలో విసిరితే అన్నిటికన్నా దూరం పోతుందని పుస్తకం చెప్పింది. కళ్ళంలో నిలబడి నున్నటి రాళ్లు విసిరి చూశాను. ఏదీ నా అంగల్లో అరవై దాటలేదు. మా మంచె నుంచి గట్టుకు అంగలేసి కొలిస్తే అరవై మూడు. అంటే రాయి సజ్జలోనే పడుతుంది. అంత ధీమా నాకు.

మంచె ఎక్కి విసిరాను. మంచె రెండు నిలువుల ఎత్తు. పుస్తకంలోని లెక్క నేల మీద నిలబడినవాళ్లది. ఎత్తు నుంచి విసిరిన రాయి ఆ ఎత్తుకు తిరిగొచ్చాక కూడా ముందుకే పోతుంది, నేల తగిలేదాకా. మేడ మీది నుంచి బంతి విసరడం గురించి అధ్యాయం చివర ఒక లెక్క ఉండేది. కష్టమని దాన్ని వదిలేశాను.

గట్టు అవతల రూతమ్మ కూర్చుని కలుపు తీస్తోంది. సజ్జ అడ్డం, నాకు కనపడలేదు. అరుపు మాత్రం వినపడింది.

జనం చేరేసరికి నా చేతిలో పుస్తకం ఉంది. వడిసెల మంచె మీది గడ్డి కింద ఉంది. నేనే దాచానా? నేనే దాచాను.

"ఏం తాతా, కండ్లు ఆనకపోతే ఇంట్లో ఉండగూడదా?" అన్నాడు పక్క చేని ఆసామి.

"నేను రాయి ముట్టనప్పా," అన్నాడు తాత. ఒక్కసారే అన్నాడు.

మరునాటి నుంచి తాత మంచె మీద వేరే మనిషి. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నా? ఎవరూ అడగలేదన్న ఆ ఒక్క మాటను పట్టుకొని, అందులో నా తప్పేమీ లేదన్నట్టు, ఎన్నేళ్లు గడిపాను.

నేను ఊరికి వెళ్లిన ఆదివారాల్లో రూతమ్మ ఇప్పటికీ చర్చి నుంచి వస్తూ మా వాకిట్లో ఆగుతుంది. ఎడమ పక్క నుంచి పలకరిస్తే తల మొత్తం తిప్పి, నవ్వుతుంది. నేను చెప్పకుండానే మంచినీళ్లు అందించి లోపలికి పోతాను. ఇక్కడ రాయగలిగాను, అంతే. రాసినంత మాత్రాన ఆమెకు ఏం తిరిగొస్తుంది? నాకు మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. అది కూడా న్యాయం కాదేమో.

తాతకు చెప్పాలని ఒకసారి పోయాను. సెలవులు ముగిసే ముందు రోజు. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఆయన చనిపోయాడు, మళ్లీ మాట్లాడింది లేదు. అరుగు మీద మట్టి ఉండలన్నీ కుప్ప పోసుకొని, ఒక్కొక్కటే చిదిమి చూస్తున్నాడు.

"ఏం చేస్తాండావు తాతా?" అన్నాను. నా నోట అంతే వచ్చింది.

ఆయన ఇంకో ఉండ చిదిమాడు.

"వీటిల్లో యాడో రాయి కలిసిపోయింటాది పాపా. నాకు కండ్లు ఆనలేదు. ఆయమ్మ కన్ను నేనే తీసినా."