తలుపు లేని గుడిసెలు

పెళ్లయి జహీరాబాద్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో, అరవైల మొదట్లో, మా ఆయన ఊరి ఆఫీసులో గుమాస్తా. బొంబాయి రోడ్డు పనికి కంకర కొట్టడానికి వచ్చిన కుటుంబాలు పని అయిపోయినా కదల్లేదు. పోవడానికి ఊరంటూ ఉంటే కదా. రోడ్డు పక్కనే గోనెపట్టాల గుడిసెలు వేసుకున్నారు. వాటిని తీసేయమని పైనుంచి హుకుం వచ్చింది. తీసేముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఇంటి తలుపుకు అంటించాలి. అదీ చట్టం.

మా ఆయన మైదా జిగురు గిన్నెతో వెళ్లేవాడు, ఒక్క గుడిసెకూ తలుపు లేదని తిరిగొచ్చేవాడు. "గోనెపట్టాకు అంటిస్తే చెల్లదు సాబ్" అని పై అధికారికి దిగులు మొహంతో చెప్పి, ఇంటికొచ్చి హుషారుగా రెండు రొట్టెలు ఎక్కువ తినేవాడు. ఈ సంగతి నాకు చెప్పాడు గానీ తల్లికి చెప్పలేదు. మా అత్త నోట్లో మాట దాగదు మరి.

ఆ గుడిసెల్లో ఒకామెకు నెలలు నిండాయి. చలి కొరికేస్తోంది. అత్త ఒకరోజు నేను ఇంట్లో లేనప్పుడు, మా కొట్టంలో పడి ఉన్న పాత తలుపును మోయించుకుపోయి ఆ గుడిసెకు కట్టించింది.

మర్నాడే జీపులో పోతున్న సాబ్ కంట్లో అది పడింది. మా ఆయనకు నోటీసు అంటించక తప్పలేదు. వారం గడువు. ఇంటికొచ్చి తల్లి ముందు కూలబడ్డాడు.

"తలుపు లేకుంటెనే వాళ్లు ఉంటరమ్మా. నువ్వు పెట్టినవ్, నోటీసు వడ్డది."

"ముందుగాల చెప్పొద్దారా" అంది అత్త. లేచి కొంగు బిగించింది. "తలుపు నాది. దానికి అంటిస్తె నోటీసు నాకొచ్చినట్టే. నేనే ఖాళీ చేస్త."

నోటీసుతో సహా తలుపును వెనక్కి మోయించుకొచ్చింది. సాబ్ మళ్లీ వచ్చి చూస్తే అక్కడ గోనెపట్టానే ఉంది. నోటీసు కొట్టంలో మా బర్రెల ముందు వేలాడుతోంది. మా ఆయన ఆ పూట మూడు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

ఆ వారంలోనే ఆ గుడిసెలో నెలలు నిండినామెకు నొప్పులొచ్చాయి. గోనెపట్టా ఎగిరిపోయేంత గాలి. అత్తా నేనూ చెరో కొస పట్టుకుని వాకిలికి దుప్పటి అడ్డం పెట్టి నిలబడ్డాం. దుప్పటికి నోటీసు అంటదని నేను నవ్వబోయాను. అత్త నవ్వలేదు.

"ఇచ్చిన తలుపు మళ్ల నా చేతులతోనే గుంజుకపోతినే బిడ్డా" అంది.

లోపల పాప ఏడుపు వినిపించింది. అయినా మేం దుప్పటి దించలేదు.