జెనోవియా బట్టీ పట్టిన ఇంగ్లీషు

పదో తరగతిలో జెనోవియా ఒక కవిత మీద తనకు తోచింది రాసింది. రుమేనియన్ చెప్పే టీచరు దాన్ని అందరి ముందూ వెటకారంగా చదివి, చింపి బుట్టలో వేసింది. "నీకేమనిపించిందో ఎవరడిగారమ్మా? నేను చెప్పింది రాయి," అంది. మా రుమేనియాలో అందరం అలాగే చదువుకున్నాం. పరీక్షకొచ్చే ప్రతి పుస్తకానికీ వ్యాఖ్యానం ముందే రాయిస్తారు. కామాలతో సహా అప్పజెప్పినవాడికి పదికి పది.

ఆ పాఠం ఆమె బాగా నేర్చుకుంది. నలభై దాటాక అదే ఆమెను ముంచింది.

ఆమె జిల్లా ఆసుపత్రిలో డయాలిసిస్ నర్సు. మా బ్లాకులోనే, నా పై అంతస్తులో ఉండేది. ఇంగ్లండులో నర్సుగా చేరాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, నాలుగింటిలోనూ అడిగినన్ని మార్కులు రావాలి. వచ్చిన మార్కులకూ రెండేళ్ళే ఆయుష్షు, పెరుగు డబ్బా మీద తేదీలాగా. ట్యూషన్ మాస్టారు తయారు వ్యాసాలిచ్చాడు. కాలుష్యం, ఇంటర్నెట్టు, జంతు ప్రదర్శనశాలలు, అన్నీ డ్యూటీకీ డ్యూటీకీ మధ్య బట్టీ పట్టింది. రాతలో రెండుసార్లు తప్పింది.

"బట్టీ పట్టినవి పేపర్లు దిద్దేవాళ్ళు ఇట్టే పసిగడతారక్కా," అన్నాను. గోదాములో మూటలు మోసే నాకు ఇంగ్లీషు నేర్పినవి సంతలో కొన్న పాత నవలలు. నా మాట లెక్కచేసేది ఆమె ఒక్కతే. "నువ్వేమనుకుంటున్నావో అది రాయి."

"నేనేమీ అనుకోనురా. డ్యూటీ దిగాక అనుకునే ఓపిక ఎవరికుంది?"

"సరే, ముసలివాళ్ళను ఇంట్లో ఉంచుకోవాలా, ఆశ్రమంలో పెట్టాలా? చెప్పు."

సిగరెట్టు ముట్టించి మొదలుపెట్టింది. మెషీనుకు కట్టేసి ఉండి కూడా కోడళ్ళను తిట్టిపోసే ముసలమ్మలు, కారు దిగకుండానే తండ్రిని ఆసుపత్రి గుమ్మంలో వదిలిపోయే కొడుకులు. నవ్వి నవ్వి నా కడుపు నొప్పెట్టింది. "ఇదే ఇంగ్లీషులో చెప్పు," అన్నాను. ఆమె వీపు నిటారైంది. చూపు గోడకు అతుక్కుంది. నేటి ఆధునిక ప్రపంచంలో, అంటూ ఇంగ్లీషులో అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"అదుగో, మళ్ళీ బడికి పోయావు."

"పెద్ద ప్రొఫెసరు బయల్దేరాడు. ముందు నీ మూటలు దించుకో పో."

ఆ చలికాలమంతా ఆమె వంటింట్లో కుస్తీ పట్టాం. మూడోసారి తన మాటల్లోనే రాసింది. మిగతా మూడింటిలో సరిపడా వచ్చాయి. రాతలో అర మార్కు తగ్గింది. పరీక్ష పెట్టినవాళ్ళను నోరారా తిట్టాను. ఆమె బూట్లు విప్పి, వాచిన పాదాలు నొక్కుకుంటూ కూర్చుంది.

చివరిసారి బస్టాండులో కనిపించింది, గళ్ళ సంచితో, ఇటలీ బస్సు కోసం.

"అక్కడ పరీక్ష లేదా అక్కా?"

"లేదురా. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఒక ముసలావిడ, ఆవిడ పిల్లి. వంట చేయాలి, స్నానం చేయించాలి, బట్టలుతకాలి. సూది మాత్రం ముట్టుకోవద్దన్నారు. దానికి నర్సు వస్తుందట."