జడ్జిగారికి వేసిన మల్లెదండ

మొన్న ముసఫ్ఫాలో కూరగాయల దుకాణం ముందు తడిగుడ్డ కింద మల్లెదండలు కనబడగానే, ఒకప్పుడు అబుదాబిలో నేను పనిచేసిన స్కాట్లాండ్ ముసలి మేడమ్ ఇల్లు, ఆ ఇంటి హాల్లో గోడమీది జడ్జిగారు గుర్తొచ్చారు. కరోనా తగ్గుతున్న రోజుల్లో ఈ దేశం వచ్చిన నాలాంటి వాళ్ళకు తెలుసు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు మనుషులకన్నా గోడల మీది బొమ్మలతోనే చనువెక్కువ.

ఆయన మేడమ్‌కు తాతల తాత, రెండు వందల యాభై ఏళ్ళ కిందటి మనిషి. ఎర్ర అంగీ, తెల్లటి పెట్టుడు జుట్టు. పట్నంలో పెద్ద కోర్టుకు జడ్జి, సొంతూళ్ళో కొండలూ పల్లెలూ అన్నీ ఆయనవే. ఏడో తరగతి దాటని నాకు అందులో జడ్జి అన్న మాటొక్కటే ఎక్కింది.

అప్పుడే అల్ ఐన్ ఖర్జూర తోటలో మా ఆయన చెట్టుమీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అది అతుక్కోకముందే ఇంటికి పంపేస్తానన్నాడు యజమాని. ఇంకెవరికైనా చెప్పుకుందామంటే, తోట చూసుకునే మేనేజరు, ఇక్కడ ముదీర్ అంటారు, ఆ యజమానికి సొంత తమ్ముడే. మా ఆయన ఫోన్లో ఒకటే పోరు.

"జడ్జి ఇంట్ల చేస్తున్నవ్ గదనే, జర నా ముచ్చట చెప్పరాదు?"

"ఆ జడ్జి సచ్చి ఎన్నేండ్లాయె! నీకు కాలు ఇరిగిందా, తలకాయ ఇరిగిందా?" అని కసిరానే గానీ, మర్నాడు పొద్దున్నే మల్లెదండ తెచ్చి, మన ఇళ్ళల్లో పోయిన పెద్దల పటాలకు వేసినట్టే ఆయనకూ వేసి దండం పెట్టుకున్నాను.

మేడమ్ చూసి పడీ పడీ నవ్వింది. నా గోడు విన్నాక నవ్వు మానేసి, కూర్చోబెట్టి, తనకొచ్చిన హిందీలో చెప్పుకొచ్చింది. ఊళ్ళో కౌలు రైతుల తగాదాలు ఆయన తన ఇంటి హాల్లోనే తీర్చేవాడట. పైరు కన్నా గొర్రెలు లాభమని తోచి, ఒక లోయలో ఇళ్ళన్నీ ఖాళీ చేయించినప్పుడు, ఆ రైతులు మొరపెట్టుకోవడానికి వచ్చింది కూడా ఆ హాలుకేనట.

"మరి తీర్పు ఎవరు చెప్పిండ్రు మేడమ్?"

"ఆయనే. ఖలాస్."

అయినా నా కోసం తోటకు ఫోన్ చేసింది. ఎత్తింది ముదీరే.

ఆ వారమే మా ఆయనను కట్టుతోనే విమానం ఎక్కించారు. కాలు వంకరగా అతుక్కుంది. ఇప్పుడు ఊళ్ళో బండి తోలలేడు, పార పట్టలేడు. మేడమ్ కూడా జడ్జిగారిని మూటగట్టుకుని తన దేశం వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లో గోడమీది బొమ్మకు చెప్పుకున్నా ఎవరో ఒకరు వింటారనుకునేదాన్ని. మొన్న దండ కొన్నాను గానీ, జడలో పెట్టుకోవడానికే. చూసి బాగుందనే మనిషి అక్కడ, నేనిక్కడ.