బ్యాటరీ షాపు చీర

మా ఆయన చొక్కా మీద యాసిడ్ పడ్డదీ లేనిదీ ఉతికితేనే తెలిసేది. విప్పి దండెం మీద వేసినప్పుడు బాగానే ఉండేది. సబ్బు పెట్టి, రెండుసార్లు జాడించి పిండేసరికి పొట్ట దగ్గర నువ్వుగింజలంత చిల్లులు బయటపడేవి. పెళ్ళయిన కొత్తలో నేనే బండకేసి బాది చింపానేమోనని ఒక చొక్కా దాచేశాను కూడా. "నీ తప్పుకాదు, యాసిడ్ తిన్నది" అని ఆయన నవ్వాడు.

ఆయనకు మణుగూరులో గనులకు పోయే రోడ్డు మీద బ్యాటరీ షాపు ఉండేది. టిప్పర్లవి, జీపులవి, ట్రాక్టర్లవి, చచ్చిన బ్యాటరీలన్నీ అక్కడికే వచ్చేవి. ఖమ్మం నుంచి లారీలో నల్ల ప్లాస్టిక్ క్యాన్లలో చిక్కటి యాసిడ్ దిగేది. దాన్ని నీళ్ళలో కలిపి పలచన చేసి బ్యాటరీల్లో పోయాలి. ఆ కలపడంలోనే గండమంతా ఉందట. గుమ్మం పక్కన ఒక డ్రమ్ము నిండా మంచినీళ్ళు పెట్టి, చేతులు కడుక్కోవడానికి కూడా దాన్ని ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఆరేళ్ళ కాపురంలో నేను ఆ షాపు గడప దాటలేదు. అన్నం గిన్నె అందించి బయటి నుంచి బయటికే వచ్చేసేదాన్ని. "నీకెందుకివన్నీ" అనేవాడు. నాకూ అదే సుఖంగా ఉండేది, ఆమె వచ్చేదాకా.

ఆమె వాగు అవతలి గూడెం నుంచి కూలికి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. మొదట ఊడవడం, బ్యాటరీలు తుడవడం. రెండు నెలలు తిరిగేసరికి యాసిడ్ కలిపే పని ఆమె చేతికే వెళ్ళింది. ఒకరోజు అన్నం తింటూ ఆయన అన్నాడు: "ఇయ్యాల తొట్టెడు యాసిడ్ పూరా ఆమెనే కలిపింది. ఒక్క బొట్టు బయట పడలే."

కూర ఎట్లా ఉందో ఆరేళ్ళలో ఒక్కసారీ చెప్పని మనిషి! ఆ పూట నేను పప్పులో ఉప్పు మరిచిపోయాను. అది కూడా గమనించకుండా తినేసి చెయ్యి కడుక్కున్నాడు.

దాచేదేముంది, నాకు ఈర్ష్య పుట్టింది. ఆయన చొక్కాలకు చిల్లులు పడటం ఆగిపోయింది. సంతోషించాల్సింది పోయి, కుట్లు వేసే పని కూడా నా నుంచి లాగేసుకుందని ఏడ్చాను. ఒకరోజు అన్నం తీసుకెళ్ళేసరికి ఆయన ఆమె వెనక నిలబడి, ముందు వేసుకునే రబ్బరు ఏప్రాన్ తాళ్ళు ముడివేస్తున్నాడు. చేతులకు మోటు గ్లౌజులు ఉంటే వెనక్కి ముడి వేసుకోవడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు కనపడింది ముడి ఒక్కటే. షాపులో కళ్ళకు పెట్టుకునే అద్దాలు ఒక్క జతే ఉంటే, అవీ ఆమెకే ఇచ్చాడు. ఆమె నన్ను అక్కా అనేది, ఆయన్ను అన్నా అనేది. నా ముందు అన్నా అంటుంది సరే, నేను లేనప్పుడు ఏమంటుందో, ఈయన ఏమని పిలుస్తాడో అని నా మనసు ఒకటే పీకేది.

అంతలో బట్టల కొట్టు ఆవిడ బజారులో ఆపి అడిగింది: "మీ ఆయన నీలం పూల చీర తీసుకపోయిండు గదా, నచ్చిందా?"

నాకు ఏ చీరా రాలేదు. మర్నాడు మధ్యాహ్నం నీలం పూల చీర ఆమె ఒంటి మీద కనపడింది. అది కట్టుకుని క్యాన్ల మధ్య తిరుగుతోంది. సాయంత్రం ఆయన ఇంట్లోకి అడుగు పెట్టీ పెట్టగానే అడిగాను.

"ఆమెకు చీర కొనిచ్చినవట?"

"అవ్. నూలు చీరెను యాసిడ్ తింటది. పాలిస్టరైతే జల్దీ చిల్లు పడదు. పనికి కొనిచ్చిన. పొద్దున వచ్చి మార్చుకుంటది, పోయేటప్పుడు ఆమె చీరె ఆమె కట్టుకుంటది."

ఇంత తేలిగ్గా చెప్పేశాడు. మా వైపు మగవాడు ఒక ఆడమనిషికి చీర పెట్టాడంటే దానికో వరస ఉంటుంది. అక్కచెల్లెలైనా కావాలి, కూతురైనా కావాలి, భార్యైనా కావాలి. ఈమెది ఏ వరసో తేల్చుకోందే నాకు ముద్ద దిగేలా లేదు.

మర్నాడు అమ్మ పెట్టిన మంగళగిరి నూలు చీర తీసి కట్టుకున్నాను. నూలును యాసిడ్ తింటుందని ముందురోజే విన్నదాన్ని, యాసిడ్ షాపుకు నూలు చీరలో ముస్తాబై బయల్దేరానంటే నా తెలివి ఎక్కడుందో మీరే చూడండి. ఆమె పక్కన నేను తీసిపోకూడదు, అదొక్కటే నా గోల.

వెళ్ళేసరికి ఆయన లేడు. బ్యాటరీ వేయడానికి గనుల వర్క్‌షాపుకు పోయాడంది. ఆమె తొట్టి కడిగి ఖాళీగా పెట్టి, కలపడానికి నీళ్ళ బకెట్ తెచ్చుకుంటోంది. పెద్ద క్యాన్ నుంచి చిన్న క్యాన్‌లోకి వంచిన యాసిడ్ పక్కనే ఉంది. నేను గిన్నె బయటే దించి గడప దాటాను.

"జరుగు. నేను కలుపుత."

"వద్దక్కా. అన్న రానియ్యి."

"ఏం, నా మొగుడి షాపుల నేను పనిచేయొద్దా?"

ఆమె కళ్ళకున్న అద్దాలు తీసి నాకు అందించింది. "కనీసం ఇవన్న పెట్టుకో అక్కా." వాటికి ఆమె తలకు రాసుకునే ఇప్పనూనె వాసన. ఇంకో ఆడదాని చెమట తగిలింది నేను పెట్టుకోవడమేమిటని ఆ చేతిని తోసేశాను.

మా ఇంట్లో గోడలకు సున్నం నానబెట్టేది నేనే. తొట్టిలో సున్నపురాళ్ళు వేసి పైన నీళ్ళు పోస్తాం, అవి కుతకుత ఉడుకుతాయి, కాస్త దూరం జరిగితే సరి. ఇదీ అంతే కదా అనుకున్నాను. యాసిడ్ ఖాళీ తొట్టిలోకి వంచి, నీళ్ళ బకెట్ ఎత్తాను.

"నీళ్ళు పొయ్యకు! నీళ్ళల్ల యాసిడ్ పొయ్యాలె, యాసిడ్ల నీళ్ళు పొయ్యొద్దు!" ఆమె అరిచింది.

నా మీద పెత్తనమా అని ఒళ్ళు మండిపోయింది. బకెట్ వంచేశాను.

తొట్టి ఒక్కసారిగా బుస్సుమంది. నాకు కనపడింది నా మొహానికి అడ్డంగా వచ్చిన ఆమె చెయ్యి. మెడ మీద చురుక్కుమంది. ఏం జరిగిందో తెలిసేలోపు నన్ను జుట్టు పట్టి డ్రమ్ము దగ్గరికి ఈడ్చుకెళ్ళి చెంబులతో గుమ్మరించడం మొదలుపెట్టింది. షట్టర్ దించి, నా చీర లాగి అవతల పారేసింది. నా మెడ మీద ఒక చెంబు, తన చేతి మీద ఒక చెంబు. ఇంట్లోంచి పసుపో, కొబ్బరినూనో ఏదో ఒకటి తెప్పించమని నేను ఏడుస్తున్నాను. "ఏమీ రుద్దొద్దు, ఉత్త నీళ్ళే" అంటూ డ్రమ్ము అడుగంటేదాకా ఆపలేదు. తర్వాత మేకుకు తగిలించిన తన ఎర్రగళ్ళ నూలు చీర తీసి నాకు చుట్టింది. తను తడిసిన నీలం చీరలోనే ఉండిపోయింది. ఎదురుగా ఉన్న టీ కొట్టాయన ఆమె చెయ్యి చూసి ఆటో పిలిచాడు.

దవాఖానాలో ఆమెను కట్టు కట్టడానికి లోపలికి తీసుకెళ్ళారు. గ్లౌజు అయిపోయిన దగ్గర్నుంచి మోచేతి దాకా తోలు లేచిపోయిందని నర్సు అంటోంది. నాకు మెడ మీద నాలుగు మచ్చలు, అంతే. తడి జుట్టుతో, తలొంచుకుని, గుమ్మానికి వీపు పెట్టి బల్ల మీద కూర్చున్నాను.

అప్పుడే ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. టీ కొట్టాయన, మీ దగ్గర పనిచేసే ఆమెకు యాసిడ్ పడిందని మాత్రమే చెప్పాడట. వెనక నుంచి ఎర్రగళ్ళ చీర చూశాడు.

"చెల్లే, కండ్లకేమన్న తగిలిందా? అద్దాలు పెట్టుకున్నవా లేదా? మీ అమ్మకు నేనేం చెప్పాలె?"

నేను లేనప్పుడు ఆమెను ఏమని పిలుస్తాడో నాకు తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ దేనికోసం చచ్చానో ఆ మాట దొరికింది. కానీ వెనక్కి తిరగడానికి మొహం చెల్లలేదు. తిరిగాను. నన్ను చూసి ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఇంటికొచ్చాక నాలుగు తిట్లు తిట్టాడు, పడ్డాను. అంత తప్పు చేసి కూడా నాకు కసి తీరలేదు. "ఆమెకు నేర్పినవ్. నాకెందుకు నేర్పలే?" అన్నాను.

"ఆమె అడిగింది. నువ్వెప్పుడన్న అడిగినవా?"

అడగలేదు. ఆరేళ్ళు చొక్కా చిల్లుల గురించే సణిగాను తప్ప, ఆ చిల్లులు ఎట్లా పడుతున్నాయో ఒక్కరోజూ అడగలేదు.

వారం తర్వాత ఎర్రగళ్ళ చీర ఉతికి మడతపెట్టి, దాని మీద ఒక కొత్త చీర పెట్టి, గూడేనికి వెళ్ళి ఆమెకు బొట్టు పెట్టి ఇచ్చాను. ఆడపడుచుకు ఎట్లా పెడతారో అట్లాగే. ఆమె మళ్ళీ పనిలోకి వచ్చాక యాసిడ్ కలపడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ముందు నీళ్ళు, తర్వాత సన్నటి ధారగా యాసిడ్, ఆగి ఆగి. నాకూ ఒక పాలిస్టర్ చీర, నాకూ ఒక జత అద్దాలు. నా ఏప్రాన్ ముడి ఆమె వేసేది, ఆమెది నేను వేసేదాన్ని. ఇంత జరిగాక కూడా, నొప్పి తగ్గిందా అని ఆయన ఆమెను అడిగినప్పుడల్లా నాకు లోపల ఎక్కడో చిన్నగా కుట్టేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

షాపు మూసేసి చాలా ఏళ్ళయింది. ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడు చింతపండో, ఇప్పపువ్వో పట్టుకుని ఇంటికొస్తుంది. సంచి అందించడానికి చెయ్యి చాచినప్పుడు మణికట్టు నుంచి మోచేతి దాకా ముడతలు పడ్డ తోలు కనపడుతుంది. నా కళ్ళు రెండూ బాగున్నాయి కాబట్టే కనపడుతుంది.