ఇల్లు బండి రిజిస్ట్రేషన్ రోజు

దయ్యం అనే మాట వింటేనే నాకు చిరాకు. ఇరవై ఏళ్ళకు పైగా రైల్వే బుకింగ్ కౌంటర్ వెనక కూర్చున్న మనిషిని. రాత్రి డ్యూటీలు చేశాను, ఖాళీ ప్లాట్‌ఫారాల మీద ఒక్కదాన్నే నడిచాను. తోటివాళ్ళు పట్టాల మీద ఎవరో కనిపించారనీ, వెనక నుంచి పేరు పెట్టి పిలిచారనీ చెబుతుంటే "పోయి పండుకోండ్రి, నిద్రలేక గట్ల కనవడ్తది" అని కసిరేదాన్ని. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నా బుద్ధి మారిందని కాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మా ఆయన పేరు నర్సింగ్. పుట్టి పెరిగింది హైదరాబాద్ ధూల్‌పేట్‌లో, గణపతి విగ్రహాలు చేసే ఇంట్లో. నా ఉద్యోగం షోలాపూర్‌లో కాబట్టి పెళ్ళయ్యాక అక్కడే ఒక షెడ్డు అద్దెకు తీసుకుని విగ్రహాలు చేసేవాడు. కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద గణపతి కిరీటానికి రంగులు వేస్తూ పైనుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నెముక దెబ్బతింది. కాళ్ళు పూర్తిగా పోయాయి. చేతులు పేరుకే ఉన్నాయి, నీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేడు.

పడిన రోజు పనివాళ్ళు ఎవరూ రాలేదు. పొద్దున పడితే, నేను డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, కనబడక వెతుక్కుంటూ వెళ్ళేదాకా ఆ షెడ్డులో ఒక్కడే పడి ఉన్నాడు. గొంతు పోయేదాకా అరిచాడట. కాళ్ళు పోయిన బాధ కన్నా ఆ పూట ఆయన్ని ఎక్కువ తినేసింది. హాస్పిటల్ నుంచి వచ్చాక ఒక్కటే అడిగాడు. "సుజా, నేను పోయేటప్పుడు మాత్రం ఒక్కణ్నే ఉండొద్దు. గంతే. ఇంకేం అడగ నిన్ను."

మాటిచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను? నేను డ్యూటీకి వెళ్తే ఒక ఆయాను పెట్టాను, ఆమె రాని రోజు నేను సెలవు పెట్టాను. ఊరందరితో వాగుతూ ఉండే మనిషి, రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడేవాడు కాదు. నీళ్ళు, చాలు, తిప్పు, లైటు తీసెయ్. అంతే మాటలు. ఆ మౌనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. దగ్గరికి పోయి ఏడవాలనీ అనిపించేది.

ఆయన కూర్చోలేడు. కూర్చోబెడితే కళ్ళు తిరిగి పడిపోతాడు. ఏ హాస్పిటల్‌కి పోవాలన్నా అంబులెన్స్ మాట్లాడుకోవాలి. అందుకని ఉన్న ప్రావిడెంట్ ఫండంతా తీసి ఒక క్యారవాన్ కొన్నాను. పెద్ద వ్యాన్‌లో మంచం, దాని పక్కన నేను కూర్చోవడానికి స్టూల్, చిన్న వంటగట్టు, ఏసీ, బాత్రూమ్ అన్నీ పెట్టి పుణెలో తయారుచేసి ఇచ్చారు. బంధువులు దానికి 'ఇల్లు బండి' అని పేరు పెట్టారు. సరిగ్గా బండి తయారయ్యే వేళకే నాకు హైదరాబాద్ బదిలీ వచ్చింది. మీరు ఉండబోయే రాష్ట్రంలోనే పర్మనెంట్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి అని షోరూమ్ వాళ్ళు తాత్కాలిక నంబరు ఇచ్చి పంపారు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. అది కొత్త బండి. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా అలాగే ఉన్నాయి. అందులో మాకన్నా ముందు ఎవరూ పడుకోలేదు, ఎవరూ చావలేదు. తర్వాత అందరూ అడిగిన మొదటి ప్రశ్న అదే కాబట్టి ముందే చెప్తున్నాను.

బండి నడపడానికి మా తమ్ముడు శ్రీను వచ్చాడు. అఫ్జల్‌గంజ్‌లో సరుకులు మోసే డీసీఎం వ్యాను నడుపుతాడు, చెయ్యి తిరిగిన డ్రైవరు. షోలాపూర్ నుంచి సామాను లారీలో వేసి, మేము ముగ్గురం ఇల్లు బండిలో బయలుదేరాం. సర్దుడుతో అలిసిపోయి నేను ముందు సీట్లో శ్రీను పక్కన కూర్చున్నాను. మంచానికీ ముందు సీటుకీ మధ్య అడ్డేమీ లేదు, తల తిప్పితే ఆయన కనిపిస్తాడు. దారిలో ఎక్కడో నిద్ర పట్టేసింది. జహీరాబాద్ దాటాక మెలకువ వచ్చి వెనక్కి వెళ్తే ఆయన నావైపు జాలిగా చూశాడు.

"ఎంతసేపు కూసుంటవే ఆ స్టూల్ మీద? నడుం గుంజదా? తల నిమిరింది చాలు, పోయి పండుకో."

నేను అప్పటిదాకా ముందు సీట్లో నిద్రపోయాను. ఆయన వేసుకునే నొప్పి మాత్రలు మత్తుగా ఉంటాయి, కల వచ్చి ఉంటుంది అనుకున్నాను. సరేలే అని దుప్పటి సర్ది ఊరుకున్నాను.

ధూల్‌పేట్‌లో మా గల్లీలోకి ఆటో రావడమే కష్టం, ఇక ఈ బండి ఎక్కడ వస్తుంది? మెయిన్ రోడ్డు మీద మా మామగారి విగ్రహాల షెడ్డు ముందు నిలిపాం. పగలంతా ఆయన బండిలోనే ఉండేవాడు. కిటికీ తీస్తే గడ్డి కట్టిన చట్రాలు, తడి మట్టి, రంగులు వెయ్యని బొమ్మలు. పాత దోస్తులు వచ్చి "ఏంది భాయ్, నవాబు లెక్క ఏసీల పండుకున్నవ్" అని ఆట పట్టించేవాళ్ళు. చాలాకాలం తర్వాత ఆయన నవ్వగా చూశాను. ఈ బండి కొన్నందుకు నన్ను తిట్టిన ప్రతివాళ్ళనూ ఆ నవ్వు కోసం క్షమించేశాను.

ఇక రిజిస్ట్రేషన్. దానితో తల ప్రాణం తోకకొచ్చింది. నా ఆధార్ కార్డు మీద షోలాపూర్ అడ్రసు. ఇల్లేమో మామగారి పేరు మీద. అవన్నీ మార్పించి, టాక్స్ కట్టి, స్లాట్ దొరికించుకుని ఆర్టీఏ ఆఫీసుకు బండి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ సారు దాని చుట్టూ తిరిగి నోరెళ్ళబెట్టాడు.

"అమ్మా, ఇది బస్సా, అంబులెన్సా, ఇల్లా? కంప్యూటర్‌ల ఏమని ఎక్కియ్యాలె నేను?"

నవ్వుతూనే అన్నాడు, మంచి మనిషే. ఎప్పుడూ టోపీ పెట్టుకుని, నమాజు వేళకు పని ఆపి వెళ్ళే పెద్దాయన. బండి లోపల ఇవన్నీ బిగించిన కంపెనీ నుంచి ఇంకో సర్టిఫికెట్ కావాలన్నాడు. అది తెప్పించేసరికి తాత్కాలిక నంబరు గడువు దగ్గర పడింది. అది దాటితే బండి రోడ్డు ఎక్కకూడదు, ఆయన మళ్ళీ గల్లీ లోపల ఆ చీకటి గదిలో పడుకోవాలి. అందుకే ఎండలు మండిపోతున్నా ఆగకుండా రెండోసారి వెళ్ళాం.

ఆయన్ని ఇంట్లో వదిలి రావచ్చు కదా అని తర్వాత చాలామంది అన్నారు. ఎవరి దగ్గర వదలను? ఆయాను షోలాపూర్‌లోనే వదిలి వచ్చాం, మా అత్తగారికి ఆయన్ని పక్కకు తిప్పే శక్తి కూడా లేదు. పైగా ఆయనే వస్తానన్నాడు. "ఇల్లే తోల్కపోతున్నరు, నేనొక్కణ్ని ఏడ ఉండాలె?"

ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో, గోడ నీడలో బండి ఆపాం. ఇన్‌స్పెక్టర్ అక్కడికే వచ్చి బండి చూస్తానన్నాడు. ఏసీ నడుస్తోంది. బండి నా పేరు మీద ఉంది కాబట్టి ఫోటోకీ సంతకానికీ నేనే లోపలికి వెళ్ళాలి. శ్రీనును బావ దగ్గరే ఉండమని, కదలొద్దని చెప్పి వెళ్ళాను. వెళ్ళేముందు ఆయన నోట్లో రెండు గుక్కల నీళ్ళు పోశాను. "జల్ది రా" అన్నాడు.

లోపల జనం. సర్వర్ ఆగిపోయింది, మళ్ళీ వచ్చింది. నా ముందు ఒక పెళ్ళికొడుకులా తయారైన కుర్రాడు కొత్త బైకు కోసం మూడుసార్లు ఫోటో దిగాడు, బాగా రాలేదని లొల్లి. నాకు కోపం నషాళానికి అంటింది. చివరికి నా వంతు వచ్చి కెమెరా ముందు కూర్చున్నాను. సంతకం పెట్టే పలక మీద చెయ్యి పెట్టానో లేదో, గుమ్మం దగ్గర శ్రీను కనిపించాడు. నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు.

"అక్కా... నువ్వెప్పుడొచ్చినవ్ ఈడికి?"

"ఎప్పుడొచ్చుడేంది? అప్పట్సంది ఈడ్నే ఉన్న. బావ దగ్గరెవరున్నరు?"

"నువ్వే గదా ఉన్నది!"

సంతకం అలాగే వదిలేసి పరుగెత్తాను. బండి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏసీ చల్లగా తగిలింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తల కిటికీ వైపు కాకుండా స్టూల్ వైపు తిరిగి ఉంది. నుదుటి మీద తడిగుడ్డ, నాలుగు మడతలు పెట్టి, ఒక అంచు కనుబొమల మీదికి వచ్చేలా వేసి ఉంది. నేను అలాగే వేస్తాను, వేరేవాళ్ళకు ఆ మడత రాదు. ఆ రోజు నేను వెయ్యలేదు.

పిలిచాను, కుదిపాను, చెంపల మీద కొట్టాను. ఊపిరి లేదు.

అదే బండిలో దగ్గర్లోని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. కదలకుండా పడుకునేవాళ్ళకు రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, ఎప్పుడైనా జరగొచ్చు అన్నాడు డాక్టరు. అదే బండిలో ధూల్‌పేట్ తెచ్చాం. గల్లీ మొదట్లో దించి మోసుకెళ్ళారు. సాయంత్రానికి పురానాపూల్ స్మశానంలో అంతా అయిపోయింది.

శ్రీను చెప్పింది ఇది. వాడు ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఎంతకీ రాకపోయేసరికి వెనక్కి తిరిగి చూస్తే నేను స్టూల్ మీద, వాడి వైపు వీపు పెట్టి కూర్చుని గుడ్డ పిండుతున్నాను. పక్క తలుపు నుంచి ఎక్కి ఉంటుంది, చూసుకోలేదు అనుకున్నాడు. "అక్కా, నేను పోయి సార్‌ని తోల్కొస్త" అంటే నేను పొమ్మని తలూపాను. అక్క వచ్చేసింది కదా అని నిశ్చింతగా దిగి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ కోసం అటూ ఇటూ తిరిగి, హాల్లోకి వస్తే నేను కెమెరా ముందు ఉన్నాను.

నేను నమ్మలేదు. టీ తాగడానికో, ఫోన్ మాట్లాడడానికో దిగిపోయి, బావ పోయాక కట్టుకథ చెబుతున్నాడనుకున్నాను. నా నోటికి వచ్చినన్ని మాటలు అన్నాను. "నీ మీద ఒట్టు అక్కా" అని వాడు నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. కాళ్ళు లాగేసుకున్నాను. ఇచ్చిన ఒక్క మాట కూడా నిలబెట్టుకోనివ్వలేదు వాడు.

దినాలు అయ్యాక బండి అమ్మేద్దామనుకున్నాను. అమ్మాలన్నా రిజిస్ట్రేషన్ ఉండాలి. గడువు పొడిగించుకుని వెళ్ళాను, శ్రీనును పిలవకుండా ఎదురింటి డ్రైవర్ను పెట్టుకుని. అదే ఇన్‌స్పెక్టర్. నన్ను గుర్తుపట్టి, విషయం తెలిసి చాలా బాధపడ్డాడు.

"అయ్యో, ఆ రోజేనా అమ్మా? నేను వచ్చి అద్దం మీద కొట్టిన గదా. మీరు సార్ పక్కన కూసొని ఉండిరి. ఆగమని చెయ్యి చూపెట్టిండ్రు. సారేమో మాట్లాడ్తుండె. మియా బీవీ ముచ్చట పెట్టుకుంటున్నరు, ఎందుకు లొల్లి చెయ్యాలె అని నేను పక్క బండికి పోయిన."

ఆ రోజు నేను బండిలో లేను సార్, హాల్లో మీ కెమెరా ముందు ఉన్నాను అన్నాను. ఆయన నన్ను తేరిపార చూశాడు.

"నేను నమాజు చేసే మనిషిని, అబద్ధమెందుకు చెప్తమ్మా? చేతి గడియారం లోపలి దిక్కు కట్టుకున్నరు మీరు. మా అమ్మీ గట్లే కట్టుకునేది, అందుకే యాదికుంది."

అవును, నేను అలాగే కట్టుకుంటాను. ఆయన ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నా చేతులు రెండూ చీర కొంగు కింద ఉన్నాయి, చూసి చెప్పడానికి లేదు.

నాకు తోచినవన్నీ కనుక్కున్నాను. ఆ ఆవరణలో పనిచేసే ఆడమనిషి ఒక్కతే, ఆ రోజు సెలవు. సీసీ కెమెరా గేటు వైపే ఉంది, మా బండి ఆగిన గోడ దానికి అందదు. ఇన్‌స్పెక్టర్‌కీ శ్రీనుకీ ముఖపరిచయం తప్ప ఏమీ లేదు. నేను ఫోటో దిగుతున్నప్పుడు చుట్టూ పాతికమంది ఉన్నారు, కాబట్టి లేచి వెళ్ళి మర్చిపోయానేమో అనుకోవడానికి కూడా లేదు. అక్కడి నుంచి నేరుగా అఫ్జల్‌గంజ్ వెళ్ళి, లోడు దించుతున్న శ్రీనును పక్కకు పిలిచి పట్టుకుని ఏడ్చాను.

ఆమె ఎవరైనా కానీ, ఆయన ఒక్కడే పోకుండా చూసింది అని మా అత్తగారు దండం పెట్టుకుంటారు. నాకు దండం పెట్టబుద్ధి కాదు. ఆమె కనబడకపోతే శ్రీను దిగేవాడు కాదు. ఒక ప్రాణమున్న మనిషి పక్కన ఉండేవాడు. ఆయాసం వస్తే చూసేవాడు, నన్ను కేకేసేవాడు. బతికేవాడని అనను, డాక్టరే కాదన్నాడు. కానీ నేను చేరుకునేదాన్ని. ఒక్కోసారి ఆమెకు రుణపడ్డాననిపిస్తుంది. ఒక్కోసారి పళ్ళు పటపట కొరుకుతాను.

బండి అమ్మలేదు. నంబరు వచ్చింది, పలకలు బిగించారు.

ఇన్‌స్పెక్టర్‌ను ఆ రోజే ఇంకొక్క మాట అడిగాను, మా ఆయన ఏం మాట్లాడుతున్నాడు అని. అద్దం వేసి ఉంది, వినబడలేదన్నాడు. "చానా సేపు చెప్పిండమ్మా. నేను పక్క బండి చూసి మళ్ళొచ్చేటప్పుడు కూడా చెప్తనే ఉండె. మీరు వంగి వింటుండిరి."

ఏళ్ళ తరబడి నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి అంతసేపు ఏం చెప్పాడో నాకు తెలియదు. నాకు చెప్పేశాననే అనుకుని పోయాడు.